లేపడం మరిచిన బొమ్మ

మధ్యాహ్నం పూట పిల్లల వార్డు సగం నిద్రలో ఉంటుంది. లేత నీలం తెరలు గాలికి మెల్లగా ఉబ్బి, మళ్లీ కిటికీకి అంటుకుపోతాయి. ఆ వెలుతురులో మంచాలు, మందు సీసాలు, కుర్చీల్లో కునికే తల్లిదండ్రులు, అన్నీ నీళ్లలో మునిగినట్టు మెత్తగా కనిపిస్తాయి. పిచ్చుక తండ్రికి మాత్రం ఆ రోజు కునుకు పట్టలేదు. ఆటల మేడమ్ వస్తుందని పొద్దున్నే నర్సులు చెప్పి వెళ్లారు.

పిచ్చుక అసలు పేరేం కాదు. రెండేళ్లు నిండకుండానే వచ్చీరాని మాటలతో ఇల్లు పీకి పందిరి వేసేది కాబట్టి ఆ పేరు పడింది. గుండెకు ఆపరేషన్ బాగానే జరిగింది. గొట్టాలన్నీ తీసేశారు. కానీ పిల్లకి ఉలుకూ పలుకూ లేదు. చాలాకాలం ఆసుపత్రిలో ఉన్న పసివాళ్లు ఒక్కోసారి వెనకబడతారు, పరీక్ష చేసి చెబుతాం అన్నాడు డాక్టరు. తండ్రి గుండెల్లో రాయి పడింది. పిల్ల మాటలు ఎక్కడైనా దాక్కున్నాయా, అసలుకే పోయాయా? సాయంత్రం పని ముగించుకుని వచ్చే భార్యకి ఏమని చెప్పాలి?

ఆటల మేడమ్ పని ఆడిస్తూనే పిల్లల ఎదుగుదల చూడటం. తెల్ల కోటుతో వచ్చి, గుడ్డసంచిలోంచి చెక్క దిమ్మలు, ఒక గంట, మెత్తటి బంతి తీసి మంచం మీద పెట్టింది.

"అన్నయ్యా, నేను ఆడిస్తున్నంతసేపూ మీరు మాట్లాడకూడదు. సైగ కూడా చెయ్యకండి. మీరు అందిస్తే అది మీ తెలివవుతుంది గానీ పాపది కాదు."

"అలాగే మేడమ్. కానీ మాది సెలూన్. నా నోరు ఆగితే కత్తెర కూడా ఆగిపోతుంది."

"ఇవాళ రెండూ ఆపండి" అని నవ్విందామె.

చెవి పక్కన గంట మోగించింది. పిచ్చుక తల తిప్పలేదు. బంతి దొర్లించింది. చెయ్యి చాపలేదు. దిమ్మ మీద దిమ్మ పెట్టి, "నువ్వూ పెట్టమ్మా" అంది. పిల్ల మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి, రెప్ప వేయకుండా కూర్చుంది.

తండ్రి ప్రాణం ఉసూరుమంది. మరుక్షణం ఆ చేతులు, ఆ గడ్డం గుర్తుపట్టాడు. అలా కూర్చోవడం నేర్పింది తనే!

సెలూన్లో జుట్టు కత్తిరించనివ్వని పిల్లలతో ఆయన ఆడే ఆట అది. "నువ్వు బొమ్మవి. బొమ్మలు కదలవు. నేను ముక్కు మీద వేలు పెట్టి 'లే' అన్నాకే నీకు ప్రాణం." సూదికి గింజుకునే కూతురికీ అదే నేర్పాడు. కోటు కనిపిస్తే చాలు, పిల్ల బొమ్మయిపోయేది. నర్సులు మెచ్చుకున్నారు, ఈయన పొంగిపోయాడు. కానీ సూది కాగానే పిల్ల అలసిపోయి ఆయన భుజం మీద నిద్రపోయేది. లేస్తుందేమోనని ఒక్కసారీ ముక్కు మీద వేలు పెట్టలేదు. 'లే' అననే లేదు. ఎంత పిచ్చి తండ్రి! బిడ్డని బొమ్మని చేసి, అలాగే వదిలేశాడు.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. మేడమ్ వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. ఇంకేం చేస్తాడు? మోకాళ్లని చేతులతో గట్టిగా పట్టుకుని, కన్నీళ్లు కిందికి జారకుండా గడ్డం పైకెత్తి, మంచం పక్క కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నాడు.

తెర మళ్లీ ఉబ్బింది. వెలుతురు ఆయన ముఖం మీద పడింది.

పిచ్చుక కళ్లు కదిలాయి. నాన్న చేతుల్ని చూసింది. గడ్డాన్ని చూసింది. ఎప్పుడూ వాగే నాన్న, ఈరోజు కదలడం లేదు. పిల్ల మెల్లగా మంచం అంచుదాకా పాకి, చిన్న వేలు ఆయన ముక్కు మీద పెట్టింది.

"లే" అంది. కాసేపు చూసి, ఇంకాస్త గట్టిగా, "నాన్నా, లే!"

మేడమ్ ఎత్తిన చెయ్యి దించేసింది. "ఇక మాట్లాడొచ్చు అన్నయ్యా."

సెలూన్ మొత్తాన్నీ మాటలతో నడిపే మనిషి ముందుకు వంగాడు. తన వేలు కూతురి ముక్కు మీద పెట్టాడు.

"నువ్వూ లే, తల్లీ."