చెక్కముక్క

కేక విని డాబా మీద నుంచి కిందికి చూశాను. ఆటోనగర్‌లో మా ఎదుటి షెడ్డులో పాత లిఫ్టు మోటార్లు, కరెంటు కార్ల మోటార్లు విప్పి అయస్కాంతాలు తీస్తారు. నియోడిమియం అనే లోహంతో చేసిన, మహా బలమైన బిళ్ళలవి. దగ్గరికొస్తే ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. అలా రెండు బిళ్ళల మధ్య పడి, అక్కడ పనిచేసే అమలమ్మ వేలు నలిగిపోయింది.

బిళ్ళల మధ్య పెట్టుకోవడానికి చెక్కముక్కలు ఇమ్మని ఆడవాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు. చెక్క పెడితే పని సాగదన్నాడు కాంట్రాక్టరు లక్ష్మీకాంత్.

"జాగర్త లేకపోతే నేనేం చేసేది? ఇంటికి పంపండి," అన్నాడతను.

"ఇంటికా? ఆస్పత్రికి పంపు!" అని రామతులసి లేచింది.

"నలిగింది నీ వేలు కాదుగా. పని చూసుకో."

"రేపు నాది నలుగుద్ది. వేళ్ళన్నీ అయిపోయినాక పళ్ళతో పీకమంటావా?"

వాళ్ళలో పెద్దది తెరేసమ్మ గొణిగింది. "గొడవొద్దే. ఉన్న పని పోద్ది."

"పని పోతే ఇంకోటి చూసుకుంటాం పిన్నీ. చెయ్యి పోతే?"

అమలమ్మను ఇద్దరు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నెత్తుట తడిసిన ఆమె తువ్వాలు నేల మీద మిగిలింది. తెరేసమ్మ దాన్ని తీసి షెడ్డు ఇనప గేటుకు ఆనించి, పైన ఒక బిళ్ళ వేసింది. ఠంగుమంది. రామతులసి మరొకటి వేసింది. ఆ తర్వాత అందరూ వేశారు. పని ఆపి గేటు ముందే కూర్చున్నారు.

లక్ష్మీకాంత్ పిలిస్తే పోలీసులొచ్చారు. నేను కిందికి దిగాను.

"పొగరు సార్ వీళ్ళకి! ఎదురింటి మేడం గారిని అడగండి, చదువుకున్నావిడ, మన మనిషి," అన్నాడు లక్ష్మీకాంత్.

"చూశానండీ. చెక్కముక్కలు అడిగితే ఇవ్వనన్నది ఈయనే," అన్నాను.

ఎస్సై నా వైపు చూడలేదు. ఆడవాళ్ళను వ్యానెక్కించాడు.

లక్ష్మీకాంత్ మనుషులు తువ్వాలు లాగారు. రాలేదు. ఇనపరాడ్డుతో పెకలించబోతే రాడ్డే అతుక్కుపోయింది. లక్ష్మీకాంత్ వ్యాను దగ్గరికి పరిగెత్తాడు.

"ఇదెట్టా ఊడుద్దే?"

తెరేసమ్మ కిటికీ ఊచల్లోంచి చూసింది.

"చెక్కముక్క పెట్టి జరపాలయ్యా. ఉన్నాయా నీ కాడ?"

లోపల అందరూ ఒక్కసారిగా నవ్వారు. వ్యాను కదిలింది. పక్క షెడ్లలో సుత్తుల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. ఆ షెడ్ల ఆడవాళ్ళు బయటికొచ్చి, గేటు ముందు ఖాళీ అయిన చోట కూర్చున్నారు.