తాతాజీ కారు కింది జల్లెడ

నేను ఒక జల్లెడను. పిండి జల్లించేదాన్ని కాదు, పొగ జల్లించేదాన్ని. కంపెనీ కాగితాల్లో నా పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. అది నోరు తిరగక మెకానిక్కులు జల్లెడ అన్నారు, నాకూ అదే అలవాటైపోయింది. కారు కింద, ఇంజినుకూ సైలెన్సరుకూ మధ్య, ఒక స్టీలు డబ్బాలో నా కాపురం. మీలో చాలామంది నాలాంటి దాని మీద కూర్చునే పెళ్ళిళ్ళకూ ఆసుపత్రులకూ వెళ్ళి ఉంటారు. చూసిన వాళ్ళు మాత్రం ఉండరు. కారు కొనేవాడు సీటు కవర్లు చూస్తాడు, పాటల పెట్టె చూస్తాడు, డిక్కీ రెండుసార్లు తెరిచి మూస్తాడు. ఎవరైనా వంగి కిందకు చూశాడంటే పిల్లి దూరిందేమోనని చూడడమే.

నన్ను తెల్లటి పింగాణీ మట్టితో చేశారు. తేనెపట్టులో ఉన్నట్టు సన్నసన్నటి గదులు, వాటి గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే లోహాల పలచని పూత. ఆడవాళ్ళు మెడలో వేసుకునే వాటికన్నా తక్కువ రకం కావవి. అంత సొగసు చేసి, తెచ్చి కారు కింద బురదలో బిగించారు.

నా పని చెబుతాను. పెట్రోలు ఇంజినులో పూర్తిగా కాలదు. కాలగా మిగిలిన పొగలో కార్బన్ మోనాక్సైడ్ అని ఒక విషం ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు, కళ్ళు మండవు. పీల్చినవాడికి తలనొప్పి వస్తుంది, తర్వాత నిద్ర వస్తుంది. ఆ నిద్రలోంచి లేవడం కష్టం. అది నా గదుల్లోకి రాగానే నా వేడికీ ఆ లోహాల స్పర్శకూ మారిపోయి, మీరు రోజూ ముక్కుతో బయటికి వదిలే గాలిగా బయటపడుతుంది. నిజానికి నేను జల్లించడం లేదు, మారుస్తున్నాను. కానీ ఒకసారి పడ్డ పేరు ఎక్కడికి పోతుంది.

నాకు ముందొక సెన్సారు, వెనకొక సెన్సారు. ముందున్నది పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో వాసన చూసి కంప్యూటరు పెట్టెకు చెబుతుంది. ఆ పెట్టె పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. మీరు మైలేజీ అంటూ ప్రాణం పెట్టేదంతా ఆ ఇద్దరి మధ్య నడిచే మంతనమే. వెనకున్నది నేను పని సరిగ్గా చేశానా లేదా అని అదే పెట్టెకు చాడీలు చెబుతుంది. వాళ్ళందరికీ వైర్లున్నాయి. నాకు లేవు. నా గురించి అందరూ మాట్లాడుకుంటారు, నాతో ఎవరూ మాట్లాడరు. నా ఒంటరితనం అక్కడే మొదలైంది.

మా మొదటి యజమాని సోమయాజులు గారు, రాజమండ్రిలో కాలేజీ లెక్చరరు. ఎదురైన ప్రతివాడూ ఆయన్ని, పాడిగేదె గురించి అడిగినట్టు, “ఎంతిస్తోందండీ?” అని అడిగేవాడు. ఆయన ఒక కిలోమీటరు కలిపి చెప్పేవారు. పెట్రోలు ఖర్చవుతుందని ఏసీ వేయనిచ్చేవారు కాదు. ఆయన భార్య చెమటలు తుడుచుకుంటూ, బస్సులోనైనా గాలి వచ్చేదని సణిగేది. మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు గేరు తీసి న్యూట్రల్లో జారవిడిచి, పెట్రోలు మిగిల్చానని మురిసిపోయేవారు. గేరులో ఉండగా యాక్సిలరేటరు మీద కాలు తీస్తే మా పెట్టె తనంతట తానే పెట్రోలు ఆపేస్తుంది. న్యూట్రల్లో అయితే పాపం, ఇంజిను ఆగిపోకుండా పోస్తూనే ఉండాలి. మిగిలేదేమీ లేదు, బ్రేకులు అరగడం తప్ప. చెప్పేదెవరు? ఆయన సంతోషంగా దిగారు, నేను నోరు మూసుకుని దిగాను.

ఆయన తర్వాత కారు అమలాపురం తాతాజీ చేతికి వచ్చింది. తాతాజీ టాక్సీ నడుపుతాడు. నెమ్మదైన మనిషి, గతుకు కనిపిస్తే కారుకు నొప్పి పుడుతుందన్నట్టు దింపుతాడు. వరాలమ్మ గారని కిడ్నీలు పాడైన ఒక పెద్దావిడను వారం వారం కాకినాడలో ఒక ఆసుపత్రికి డయాలసిస్‌కు తీసుకెళ్ళేవాడు. ఆవిణ్ణి లిఫ్టు దాకా చెయ్యి పట్టుకుని దిగబెట్టి, కారు తెచ్చి భవనం కింద సెల్లారులో పెట్టేవాడు. డయాలసిస్ అయ్యేదాకా పని లేదు. అద్దాలు మూసి, ఇంజిను నడుస్తుండగా ఏసీ వేసుకుని, సీటు వెనక్కి వాల్చి పడుకునేవాడు. అక్కడి డ్రైవర్లందరిదీ అదే పద్ధతి. కాకినాడ ఎండకు వాళ్ళనీ తప్పుపట్టలేను.

అది మంచి అలవాటు కాదు, నేనున్నా మంచిది కాదు. పైకప్పు కిందుగా, మూడు వైపులా గోడలతో ఉండే ఆ చోట గాలి కదలదు. కానీ నేనున్నాను కనుక ఏ రోజుకారోజు గండం గడిచిపోయేది. అతని గురక నాకు నేలలోంచి వినిపించేది. ఆ గురక వింటూ నేను కణకణలాడుతూ పొగను మార్చి మార్చి పంపేదాన్ని. ఈ మనిషి ఊపిరి నా చేతిలో ఉంది, ఆ సంగతి ఈ మనిషికి తెలియదు. అలా అనుకుంటే ఒక పక్క గర్వంగా ఉండేది, ఇంకో పక్క ఏడుపొచ్చేది. తాతాజీ లేచి ఒళ్ళు విరుచుకుని, స్టీరింగుకు దణ్ణం పెట్టి బయలుదేరేవాడు. అద్దానికి వేలాడే నిమ్మకాయకు ఉన్న గౌరవం కూడా నాకు లేదు.

ఒకనాడు స్పార్క్ ప్లగ్గుల్లో ఒకటి అరిగిపోయింది. నిప్పు సరిగ్గా పడక, కాలని పెట్రోలు నేరుగా నా మీదకు వచ్చి నాలోనే మండడం మొదలుపెట్టింది. నా గదులు కొన్ని కరిగి మూసుకుపోయాయి. పెట్టె తన ధర్మం తాను చేసింది. స్పీడు మీటరు పక్కన ఇంజిను బొమ్మతో పసుపుపచ్చ దీపం వెలిగించింది. తాతాజీ భార్య మంగతాయారు ఆ పూట ముందు సీట్లో ఉంది.

“అదేటండీ, పచ్చగా ఎలుగుతుంది?”

“అదా? వైరేదో లూజయ్యుంటది. బండి బానే నడుత్తంది కదా.”

“కళ్ళలో కొడతంది నాకు,” అని, నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి ఆ దీపం మీద అంటించింది. సరిగ్గా సరిపోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు. సంచిలోంచి ఇంకో బిళ్ళ తీసి పెట్టుకుంది. కింద నేను కాలిపోతున్నాను.

దీపం దాచినంత సులువుగా మైలేజీ దాగదు. బండి ఎక్కుడులో ఈడ్వడం మొదలుపెట్టింది, పెట్రోలు ఎక్కువ తాగింది. తాతాజీ కారును నూకరాజు షెడ్డుకు తెచ్చాడు. నూకరాజు తాతాజీకి బంధువేమీ కాదు గానీ బావా అని పిలుస్తాడు, మంగతాయారును అక్కా అంటాడు. చేతి చలవ గల మెకానిక్కని పేరు. కారు కింద పడుకుని నన్ను స్పానరుతో తట్టాడు.

“జల్లెడ మూసుకుపోయింది బావా. పొగ ఎల్లక బండికి ఊపిరాడతల్లేదు. దీన్ని పీకేసి తిన్నగా గొట్టం ఏసేత్తే గుర్రంలా పోద్ది.”

“తీసేత్తే ఏం కాదా మరి?”

“ఏవవుద్ది? పాత అంబాసిడర్లకు ఇయ్యన్నీ ఉండేవా?”

తాతాజీ సరేనని తలూపాడు. ఆ వాదనకు జవాబు నా దగ్గర ఉంది: అంబాసిడర్లో అద్దాలు బిగించుకుని ఏసీలో పడుకున్నవాడెవడు? నన్ను కోసి తీశారు. పనిలో పనిగా నూకరాజు ప్లగ్గులు కూడా మార్చాడు. వెనక సెన్సారుకు ఏదో తొడుగు తగిలించి పెట్టెను ఏమార్చాడు. దీపం ఆరిపోయింది, బొట్టుబిళ్ళ గోటితో గీకేశాడు. కారు నిజంగానే గుర్రంలా పోయింది. అది కొత్త ప్లగ్గుల పుణ్యమని ఎవరికీ తట్టలేదు. నన్ను పీకడమే మందు అనుకున్నారు.

నేను షెడ్డులో అరుగు మీద పడ్డాను. పాత టైర్లు, విరిగిన అద్దాలు, పక్కన టీ గ్లాసులు. కొన్నాళ్ళకు తాతాజీ టైర్లకు గాలి పట్టించుకోవడానికి వచ్చి, ఈ మధ్య తల తెగ నొప్పెడుతోందన్నాడు. ఎండ దెబ్బ బావా, మజ్జిగ తాగు అన్నాడు నూకరాజు. కొత్త గొట్టం అతుకు దగ్గర నల్లటి మసి ఉబ్బి ఉంది. సరిగ్గా డ్రైవరు సీటు కిందే కారుతోంది. నాకు అరుగు మీది నుంచి కనిపిస్తూనే ఉంది. అరవడానికి నోరు లేదు, వెలిగించడానికి దీపం లేదు. ఆ రోజంత దుఃఖం నేను ఎన్నడూ పడలేదు.

తర్వాత పాత సామాను కొనేవాడు ఒకడు వచ్చాడు. డబ్బా ఒక వైపు చీల్చి, ఉలి పెట్టి కొట్టి, లోపలి పింగాణీ దిమ్మనంతా ముక్కలు చేసి సంచిలో పోసుకున్నాడు. వాడికి కావలసింది ఆ లోహాల పూత. ఖాళీ డబ్బాను నూకరాజుకే వదిలేసి సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సంచిలో పోయింది నేనా, డబ్బాలో మిగిలింది నేనా అని చాలాసేపు తేల్చుకోలేకపోయాను. ఈ మాటలు చెబుతున్నది డబ్బా కనుక మిగిలిందే నేననుకోవాలి.

ఆ వారమే మంగతాయారు షెడ్డుకు వచ్చింది. వెనకాల తాతాజీ, మొహం పాలిపోయి, నడకలో తూలుడు. ఆమె కూర్చోలేదు.

“నూకరాజూ, మీ బావ నిన్న గాక మొన్న సచ్చి బతికేడు. సెల్లారులో పడుకుని లేవలేదు. కరెంటు పోయి వరాలమ్మ గారిని తొందరగా పంపేశారంట. ఆ మనిషి గోడ పట్టుకుని కిందకొచ్చి, ఫ్లాస్కుతో అద్దం మీద కొట్టిందంట. ఎంత కొట్టినా కదల్లేదంట. వాచ్‌మేన్ వచ్చి అద్దం పగలగొట్టేడు. డాక్టరుగారు పొగ అన్నారు. బండికి జల్లెడ ఉందా లేదా అని అడిగేరు.”

నూకరాజు చేతిలోని స్పానరు అరుగు మీద పెట్టాడు.

“ఉందా ఆ జల్లెడ? పారేశావా?” అంది ఆమె. “ఉంటే పెట్టెయ్యి తమ్ముడూ. నీకు దణ్ణం పెడతాను.”

నూకరాజు చెడ్డవాడు కాదు. లేదక్కా, లోపలిదంతా అమ్మేశాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు తెరిచాడు కూడా. ఆమె మొహం చూశాడు, పక్కన తాతాజీని చూశాడు, నా వైపు చూశాడు.

“ఉందక్కా,” అన్నాడు. “భద్రంగానే ఉంచేను. బిగించేత్తాను.”

కొత్తది తెప్పించి తర్వాత మార్చేద్దామని ఆ క్షణంలో అనుకునే ఉంటాడు. అలా అనుకోకపోతే చేతులు ఆడవు. నా చీలిక మీద రేకు వెల్డింగు చేసి, వెండి రంగు పెయింటు పూసి, ఈసారి అతుకులు గట్టిగా వేసి నన్ను పాత చోట బిగించాడు. మంగతాయారు చీర కొంగు నేలకు రాసుకుంటున్నా లెక్కచేయక వంగి నన్ను చూసింది. కావాలని వంగి నన్ను చూసిన మొదటి మనిషి ఆమె. అరచేతితో నన్ను తట్టి, “ఇదేనా? ఇంత డబ్బాయేనా ప్రాణం నిలబెట్టేది?” అంది. అలా తట్టగానే నా లోపల ఖాళీ అంతా మోగింది. ఆమె దాన్ని గట్టిదనం అనుకుంది.

లేచి మొగుడి వైపు తిరిగి, ఎప్పుడు పడుకున్నా అద్దం జానెడు దించి పడుకోవాలని ఒట్టు వేయించుకుంది. అతను వేశాడు. కొన్ని వారాలు మాట తప్పలేదు. సెల్లారులో అద్దం దించుకుని, దోమలు కుడుతుంటే తువ్వాలు మొహాన కప్పుకుని పడుకున్నాడు. నేను కింద ఉండి, ఈ పూట కూడా దించు, ఈ పూట కూడా దించు అని మొక్కుకునేదాన్ని. నూకరాజు ఫోన్ చేస్తాడని, నిజం చెబుతాడని చూశాను. ఫోన్ చేసి బండి ఎలా ఉందని మాత్రం అడిగాడు.

మే నెల వచ్చింది. సెల్లారు సెగలు కక్కుతోంది. వరాలమ్మ గారిని పైకి పంపి వచ్చి తాతాజీ పక్క కారు డ్రైవరు అబ్బులుతో మాట్లాడుతున్నాడు. ఇప్పుడు నా పేరు అతనికి కంఠతా వచ్చు. కనిపించిన ప్రతి డ్రైవరుకూ నా గురించి చెబుతాడు.

“నీ బండి కింద జల్లెడుందో లేదో చూసుకో అబ్బులూ. ఉంటే విషం రాదు. నాది తీయించేసి సావబోయేను. ఇప్పుడు మళ్ళీ ఏయించేను.”

“అయితే ఆ అద్దం దించడం ఎందుకు మరి? చల్లదనం అంతా బయటికి పోతంది కదా.”

తాతాజీ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“మా ఆవిడ సాదస్తం,” అన్నాడు. “జల్లెడుంది కదా.”

కారెక్కాడు. ఇంజిను మొదలైంది. అద్దం పైకి లేచి మూసుకున్న చప్పుడు విన్నాను, సీటు వెనక్కి వాలిన చప్పుడు విన్నాను. ఇన్నేళ్ళూ నన్ను ఒక్కరైనా నమ్మితే చాలని ఏడ్చాను. తాతాజీ నమ్మాడు. ఇంజినులోంచి పొగ నాలోకి వచ్చింది, ఎలా వచ్చిందో అలాగే నాలోంచి వెళ్ళిపోయింది.