ఆస్పత్రికి ముస్తాబు

ఆస్పత్రికి వెళ్తున్నామా, ఫొటో దిగడానికి వెళ్తున్నామా అని పొద్దున్నే అడిగాను నా కూతుర్ని. "నీకు తెలీదు, నువ్వూరుకోమ్మా" అంది. అవునులే, నాకేం తెలుసు! దాన్ని కన్నతల్లిని మాత్రమేగా.

దానిది బ్యూటీపార్లరు. ఇంటి ముందుగదిలో రెండు కుర్చీలు, గోడంత అద్దం. ఎవరి మొహాన్నయినా చిటికెలో కళకళలాడించేస్తుంది. సొంత కూతురి మొహమే దాని చేతికి అందలేదు. నా మనవరాలు, బుడ్డీ అని పిలుస్తాం, చలికాలంలో స్కూలు మానేసింది. మంచం దిగదు, దువ్వెన ముట్టదు. జుట్టు అట్టకట్టుకుపోయింది. ఓ రోజు మణికట్టు మీద బ్లేడు గీతలు కనిపించాయి. పిల్లల మనసు చూసే డాక్టరు ఈ చుట్టుపక్కల ఒక్కడే. ఎదురుచూసి ఎదురుచూసి మా కళ్లు కాయలు కాశాక, ఎండలు ముదిరాక పిలిచారు.

ఇవాళ పొద్దున నా కూతురు పార్లరు తెరవకుండా బుడ్డిని అద్దం ముందు కూర్చోబెట్టింది. నూనె రాసి ఒక్కో పాయా చిక్కు తీసింది.

"నొప్పా తల్లీ?"

"లేదమ్మా."

ఇద్దరూ అంత దగ్గరగా కూర్చుని ఎన్నాళ్లయిందో! జడ అల్లింది. కళ్ల కింద నలుపు కనపడకుండా క్రీము రాసింది. తర్వాత మణికట్టు పట్టుకుని అక్కడా రాయబోయింది. నాకు ఒళ్లు మండింది.

"అదెందుకే కప్పుతావు? చూపించాల్సింది అదేగా!"

"పిల్లని ఎలా వదిలేశారో అని ఆస్పత్రివాళ్లు మొహం చిట్లించరూ? ముందు మనల్ని మనుషుల్లా చూడనీ. గీతల సంగతి నేను నోటితో చెప్తాగా" అంటూ అక్కడా రాసేసింది.

ఆస్పత్రిలో పిల్లతో ఒక్కరినే లోపలికి రానిస్తామన్నారు. తల్లి వెళ్లింది. నేను నడవలో బల్ల మీద కూర్చున్నా. చేతిలో టీ చల్లారకముందే ఇద్దరూ బయటికొచ్చేశారు. నా కూతురి మొహం వెలిగిపోతోంది.

"బాగానే ఉందన్నారమ్మా! కళ్లలోకి చూసి మాట్లాడుతోంది, శుభ్రంగా తయారైంది, కంగారేం లేదన్నారు. ఇంతకంటే ఇబ్బందిలో ఉన్న పిల్లలు చాలామంది ఉన్నారట. చలికాలంలో మళ్లీ రమ్మన్నారు."

"గీతల సంగతి చెప్పావా?"

"చెప్పా. చెయ్యి చూసి, మానిపోయాయిగా అన్నారు." అక్కడ దాని నవ్వు కాస్త తడబడింది.

బస్సులో నా కూతురు ముందు సీట్లో కూర్చుంది. నేను బుడ్డి పక్కన కూర్చుని మెల్లిగా అడిగాను.

"డాక్టరుకి నువ్వేం చెప్పావే?"

"బాగానే ఉన్నానని."

"అబద్ధమెందుకే?"

బుడ్డి వాళ్లమ్మ వైపు చూసింది. "పొద్దున్నుంచీ అమ్మ ఎంత కష్టపడింది అమ్మమ్మా. పాడుచెయ్యబుద్ధి కాలేదు."

దాని చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను.

ఇంటికి రాగానే బుడ్డి గదిలోకెళ్లి పడుకుంది. నేను పార్లర్లోని కత్తెరలు, బ్లేడులు అన్నీ ఓ సంచిలో వేసి, ఆ సంచి ఒళ్లో పెట్టుకుని దాని గది గుమ్మం ముందు కూలబడ్డాను. కాసేపటికి జుట్టు కత్తిరించుకోవడానికి ఒకావిడ వచ్చింది.

"అమ్మా, కత్తెరేదీ?" అని నా కూతురు కేకేసింది.

"నా దగ్గరుంది. ఇవ్వను."

"ఏంటమ్మా నీ చాదస్తం! డాక్టరే బాగుందంటే..."

"డాక్టరు చూసింది నీ పనితనాన్నే. పిల్లని ఎక్కడ చూశాడు?"

బస్సులో బుడ్డి అన్న మాట చెప్పేశాను. అది వచ్చినావిడని పంపించేసి ఆస్పత్రికి ఫోన్ చేసింది.

"ఇవాళే చూశారండీ... కానీ ఆ మొహం నేను వేసిందండీ, చెయ్యి కూడా... కాదండీ, ఒక్కసారి చూడండి చాలు... చలికాలం దాకా ఎలాగండీ?"

ఫోన్ పెట్టేసి వచ్చి నా పక్కన నేల మీద చతికిలబడింది. దాని వేళ్లకి ఆ క్రీము ఇంకా అంటుకునే ఉంది.

లోపల్నుంచి బుడ్డి గొంతు వినపడింది. "అమ్మా, డాక్టరు చూసేశారుగా. ఇక జడ విప్పేసుకోనా?"

నా కూతురు చేత్తో నోరు గట్టిగా మూసుకుంది. "విప్పేసుకో తల్లీ" అని నేనే అన్నాను.