పేతా దగ్గర వాడుక

సోయిలా ఇంట్లో గది తీసుకున్న విదేశీ విద్యార్థుల్లో యోరిస్ పదకొండోవాడు. మొదటి పదిమంది మీద ఆమెకున్న అభిప్రాయమే వీడి మీదా ఉంది, కాకపోతే వీడు దాన్ని త్వరగా సంపాదించుకున్నాడు. హాలెండ్ నుంచి దిగిన మూడోవారానికే "మన లీమా" అనడం మొదలుపెట్టాడు. లీమాలో పుట్టి, యాభై ఎనిమిది చలికాలాలు ఆ ముసురులోనే దగ్గుతూ బతికిన సోయిలాకు ఆ "మన" వింటే ఒళ్లు మండేది.

వీళ్లంతా ఒకే అచ్చు. వచ్చిన రోజు నీళ్లు మరిగించారా అని మూడుసార్లు అడుగుతారు. నెల తిరిగేసరికి వీధిబండి దగ్గర ఎద్దు గుండె కాల్చింది తిని, ఊరు మొత్తం కడుపులో వేసుకున్నట్టు మాట్లాడతారు. పైగా యోరిస్‌కి కాలేజీవాళ్లు ఒక పని అప్పజెప్పారు. "నా లీమా" అని ఒక పటం గీసి, తిరిగిన చోటల్లా చుక్క పెట్టాలట. వాడు ఎక్కని వ్యాను లేదు, ఎక్కని కొండవాడ లేదు. సోయిలా మాత్రం తన పేట దాటి పోయేది కాదు. దాటి పోవాల్సినంత గొప్ప చోటేదీ ఆ ఊళ్లో లేదని ఆమె నమ్మకం.

"ఊరు తెలియడమంటే తిరగడం కాదు బాబూ," అనేది వాడి కంచంలో అన్నం పడేస్తూ. "మనకోసం ఎవరు ఏది దాచి ఉంచుతారో, అదీ ఊరు తెలియడమంటే."

ఆమెకోసం దాచి ఉంచేది ఒక చేప తల. ఆమె తల్లి అమాలియాకు తొంభై ఒకటి. చలి ముదిరినప్పటి నుంచి ముసలావిడ ఏదీ నోట పెట్టడం లేదు, కోర్వినా చేప తలతో కాచిన చారు తప్ప. అదీ మానేస్తే ఆస్పత్రిలో పెట్టి ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనని డాక్టరు చెప్పాడు. కోర్వినా తలలేమో తెల్లారకముందే హోటళ్లవాళ్లు ఎత్తుకుపోతారు. మార్కెట్లో చేపలమ్మే పేతా మాత్రం ఒకటి తడిగోనె కింద దాచి, సోయిలా చేప కొన్నప్పుడు కొసరుగా ఇచ్చేది. ఇద్దరూ ఒకరికొకరు కసేరా. వాడుక కుదిరాక అమ్మేమనిషీ కొనేమనిషీ ఒకరినొకరు ఆ మాటతోనే పిలుచుకుంటారు. అలా కుదిరినవాళ్లు పక్క కొట్టు వైపు తల కూడా తిప్పరు.

ఆగస్టులో సోయిలాకు జ్వరం తగిలి, నాలుగు రోజులు మార్కెట్‌కి యోరిస్‌ని పంపింది. మొదటి మూడు రోజులూ తల వచ్చింది, వేపుడుకి చేప వచ్చింది. నాలుగో రోజు వాడు వట్టి చేతులతో వచ్చాడు.

"పేతాగారు తల లేదన్నారు. కానీ గోనె కింద ఉంది, నేను చూశాను."

ఆ పూట కోడి చారు పెడితే అమాలియా మొహం గోడవైపు తిప్పుకుంది. సాయంత్రానికి మంచినీళ్లు కూడా వద్దంది.

మర్నాడు ఆరున్నరకల్లా యోరిస్‌ని వెంటబెట్టుకుని చేపల వరసకు వెళ్లింది. పేతా తలెత్తకుండా చేప నరుకుతోంది.

"ఏంటి కసేరా ఇది? మా అమ్మ నిన్నట్నుంచీ పస్తు!"

"నన్నడుగుతావేం? నీ ఇంట్లో తెల్లోణ్ని, ఆ గ్రింగోనడుగు. నా దగ్గర తల ఊరికే పట్టుకుపోయి, నా కళ్లముందే ఆ ఎదురుగా మెల్చోరా దగ్గర చేప కొన్నాడు. మర్నాడు ఆ చివరాయన దగ్గర. కొసరు నా దగ్గరా, బేరం వాళ్ల దగ్గరా?"

యోరిస్ గొంతు సవరించుకున్నాడు. వాడి స్పానిష్ క్లాసులో నేర్చింది.

"అందరికీ సమన్యాయం జరగాలని నేను భావించాను. దినమునకు ఒక దుకాణము చొప్పున."

"సమన్యాయమంట!" పేతా కత్తి చెక్కలోకి దిగేసింది. "మేమేమన్నా చర్చి మెట్ల మీద కూచున్నామా నాయనా, వరసగా తలా కాసింత వేసుకుంటా పోడానికి?"

వరసంతా గొల్లుమంది. సోయిలాకు ప్రాణం లేచొచ్చింది. తప్పెవడిదో తేలిపోయింది మరి.

"వీడికేం తెలుసు పేతా? కాగితం మీద చుక్కలు పెట్టుకునే మొహం! వీణ్ని చూసి నన్ను లెక్కగడతావా? ఇరవై రెండేళ్లలో నీ దగ్గర తప్ప ఇంకోచోట చేప ముట్టుకున్నానా? మా అమ్మ మీద ఒట్టు!"

యోరిస్ కనుబొమలు ముడివేశాడు. పాపం, ఆమె మర్చిపోయిందనుకున్నాడు.

"క్షమించండి, మరి ఆదివారపు చేపలు? సూపర్‌మార్కెట్‌లో, తెల్ల పళ్లెంలో ప్లాస్టిక్ చుట్టినవి. ప్రతివారమూ సంచి నేనే మోశాను కదా?"

వాడు చాడీ చెప్పలేదు. సాయం చేస్తున్నాననుకున్నాడు. అలాంటివాణ్ని తిట్టడానికి కూడా నోరు రాదు. ఎదుటి కొట్లోంచి మెల్చోరా కిసుక్కున నవ్వింది.

పేతా చేతులు తుడుచుకుంది. ఆమె గొంతు పెంచలేదు.

"నేనిక్కడ ఒక్క తట్టతో కూచున్న రోజు, నా మొహం చూసి ఆగింది అమాలియమ్మ ఒక్కతే. ఆవిడ మోకాళ్లు పడిపోయాక నువ్వొచ్చావ్. ఆవిడ మొహం చూసి నిన్ను కసేరా అన్నాను, అంతే. రోజూ ఏ కొండ మీంచి దిగొస్తానో ఎప్పుడన్నా అడిగావా? ఈ దద్దమ్మ మొదటిరోజే అడిగాడు."

గోనె కింద నుంచి తల తీసి, కాగితంలో చుట్టి, యోరిస్ చేతిలో పెట్టింది.

"ఇది అమాలియమ్మకి. రేపట్నుంచి నువ్వు రా, ఏడు లోపల. మెల్చోరా వైపు చూశావో, నీ తలకాయ చారు పెడతా."

"నేనొస్తా కదా పేతా, వాడికెందుకు శ్రమ?" అంది సోయిలా.

"నువ్వు రావద్దు," అంది పేతా, వెనకామెకు చేప తూస్తూ.

ఆ మధ్యాహ్నం అమాలియా రెండు గిన్నెలు తాగింది. మూతి తుడిపించుకుంటూ, "పేతా ఇంటికి కప్పు వేయించుకుందా?" అని అడిగింది. సోయిలా యోరిస్ వైపు చూసింది.

"వేయించారండీ," అన్నాడు యోరిస్ అన్నం నములుతూ. "నీలం రేకులు. మొదటిరోజే భోజనానికి పిలిస్తే వెళ్లాను. నూట నలభై మెట్లు."

ముసలావిడ సంతోషించింది. సోయిలా గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోయి, అవసరం లేకపోయినా చాలాసేపు తోమింది. వీడు డిసెంబరులో విమానమెక్కి పోతాడు. ఆ తర్వాత సంగతి తలుచుకోవడానికి కూడా ఆమెకు భయమేసింది.

మర్నాడు పొద్దున ఆరుంబావుకు కాఫీ కప్పు పట్టుకుని వాడి తలుపు తట్టింది.

"యోరిస్ బాబుగారూ, లేచారాండీ?"

"ఇంకో పది నిమిషాలు," అన్నాడు వాడు లోపల్నుంచి, దుప్పటి కిందనుంచే.

"సరేనండీ, మీ ఇష్టం," అంది సోయిలా. ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో మార్కెట్ సంచితో తలుపు దగ్గరే నిలబడింది.