మా అత్త నెత్తురు

మా అత్త లస్మవ్వ అంటే నాకు పడదు. ఆమెకు నేనంటే అంతకన్నా పడదు. చొప్పదండిలో ఒకే ఇంట్లో రెండు పొయ్యిల మీద వండుకుంటున్నాం. పైగా ఆమె నాకు సొంత మేనత్త, మా బాపుకు అక్క. చుట్టరికం గట్టిపడుతుందని నన్ను కోడలిగా తెచ్చుకుని, ఆ కొడుకు పోయాక నన్నే హంతకురాలిని చేసింది.

మా ఆయన రంజిత్ సాంచాల మీద బట్ట నేసేవాడు. రెండేళ్ల కింద కాలి పుండుకు ఆర్ఎంపీ పరశురాములు వారం రోజుల గోలీలు ఇచ్చాడు. పుండు మానింది. గోలీలు అయిపోయిన ఇరవై రోజులకు కండ్లు పచ్చబడ్డాయి. కామెర్లని పసరు తాగించారు. హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయేసరికి లివర్ పూర్తిగా చెడింది. నెల తిరగకముందే మనిషి పోయాడు.

"పసరు తాగంగ కోడికూర వెట్టింది. పత్యం చెడగొట్టి నా కొడుకును మింగింది."

ఇది మా అత్త మాట. నల్లా కాడ, బస్సులో, పెండ్లిళ్లలో, చివరికి నా బిడ్డ ముందు కూడా ఇదే పాట. నేను పెట్టింది పెరుగన్నం. కానీ ఆమె నోరు ముందు నా పెరుగన్నం ఎవరు నమ్ముతారు?

దవాఖానలో డాక్టరమ్మ మా ఆయన నెత్తురు, అత్త నెత్తురు పరీక్షకు తీసుకుంది. ఏడాది తర్వాత ఫోన్ చేసింది. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన ఆ గోలీ మంచిదేనట, వేలల్లో ఏ ఒక్కరికో మాత్రం లివర్‌ను దెబ్బతీస్తుందట. పుట్టుకతోనే కొన్ని జన్యువులు ఉన్నవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువట. "మీ ఆయనకు ఉన్నాయి. వాళ్లమ్మకూ ఉన్నాయి" అన్నది. ఆ తర్వాత ఏం చెప్పిందో నా చెవికెక్కలేదు. అత్త నెత్తురే కొడుకును తిన్నది! నాకు పండుగైంది. డాక్టరమ్మ పంపిన రిపోర్టు ఫోన్‌లో దాచుకున్నాను, నలుగురిలో ఆమె మొహాన కొట్టడానికి.

ఆ రోజు పోయిన వారం వచ్చింది. పంటి చిగురు వాచి అత్త పరశురాములు దగ్గరికి పోయింది. గోలీల పట్టీ పట్టుకుని వచ్చి గడపలో కూర్చుని ఒకటి చింపింది. అవే గోలీలు. చూశాను. చూసి ఊరుకున్నాను. అబద్ధమెందుకు, మింగి చావనీ అనుకున్నాను. చెంబు ఎత్తి గోలీ నోటి దాకా తెచ్చుకున్నాక నా చేయి దానంతటదే లేచింది. చెంబు వాకిట్లో పడింది.

"మందు సుత ఎయ్యనియ్యవా? నన్ను గూడ సంపుతవా?"

"గా గోలీతోనే నీ కొడుకు వోయిండు. నీ నెత్తురే ఆయనకచ్చింది. సంపింది నువ్వు, నేను గాదు!"

రిపోర్టు తీసి, ఏడాది కిందటి తారీఖుతో సహా చదివాను. నల్లా కాడి ఆడవాళ్లందరికీ వినపడేటట్టు, రెండేళ్ల కసి తీరేదాకా అరిచాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గోలీల పట్టీని చాలాసేపు చూసి, తర్వాత నన్ను చూసింది.

"నా నెత్తురంటే మీ బాపుది గాదానే? మేమిద్దరం ఒక్క కడుపుల వుట్టలేదా?"

పట్టీని గడప మీద పెట్టింది.

"ఏడాది సంది ఫోన్ల వెట్టుకున్నవ్. మరి మొన్న పిల్లకు చెవి కారితే ఏం మందు వోసినవ్?"

నవ్యశ్రీకి ఏడేళ్లు. తండ్రి ఈమె కొడుకు, తల్లి ఈమె తమ్ముని బిడ్డ. రెండు దిక్కుల నుంచీ అదే నెత్తురు. పరశురాములు ఇచ్చిన తెల్ల మందు వారం రోజులు నా చేత్తోనే దాని నోట్లో పోశాను. సీసా తిప్పి కూడా చూడలేదు. అత్త మీది కోపంలో నా బిడ్డనే మరిచాను.

అత్తే లోపలికి పోయి సీసా తెచ్చింది. ఆమెకు చదువు రాదు.

"సదువు" అన్నది.

పెద్ద పేరు వేరే. కింద చిన్న అక్షరాల్లో మాత్రం అవే రెండు మందులు.

"ఎన్నడైపోయింది?"

"గురువారం."

"ఇరువై దినాలు" అంటూ పిల్లను ఎండలోకి గుంజి రెప్పలెత్తి చూసింది. కండ్లు తెల్లగానే ఉన్నాయి.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. తొందరలో స్పీకర్ నొక్కుకుపోయింది. "భయపడకండి, పిల్లల్లో ఇది చాలా అరుదు. అయినా నెత్తురు పరీక్ష చేయించండి, కండ్లు చూస్తుండండి" అన్నది. ఆగి, "మీ పాపకు ఈ మందు వద్దని మీకప్పుడే చెప్పాను కదమ్మా" అన్నది.

అత్త విన్నది.

కరీంనగర్‌లో చేసిన పరీక్ష బాగానే వచ్చింది. రెండు వారాలకు మళ్లీ రమ్మన్నారు. కోడికూర మాట అత్త మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు ఆమె దగ్గర అంతకన్నా పెద్ద మాట ఉంది, అదీ నిజమైన మాట. ఇంకా ఎవరితోనూ అనలేదు. రోజూ పొద్దున నేను పిల్ల కండ్లు చూస్తాను. నేను చూశాక ఆమె మళ్లీ చూస్తుంది. నా చూపు మీద ఆమెకు నమ్మకం లేదు. నాకూ లేదు. మందు అయిపోయి ఈ రోజుకు పదకొండు రోజులు.