మాస్టరు మూసిన కన్నం

ఆడవాళ్ళ బట్టలు కుట్టే ఆ కొట్టులో గుడ్డ కత్తిరించే ఆయన్ని అందరూ మాస్టరు అంటారు. చర్చి సంఘంలో మాత్రం, కాస్త వేళాకోళంగా, తలెత్తని మాస్టరు. కొట్టుకొచ్చిన వాళ్ళ కొలతలు తీసేది ఆయన భార్య. ఆయన పరాయి ఆడమనిషి వంక కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా ఇష్టం కూడా.

ఒక మధ్యాహ్నం బల్ల వెనక చెక్కగోడలో చిన్న కన్నం కనిపించింది. అవతల ఆడవాళ్ళు బట్టలు వేసి చూసుకునే గది. కన్నంలోంచి సన్నటి వెలుగు. మాస్టరు గుండె ఝల్లుమంది. దారానికి రాసే మైనం తీసి, బొటనవేలితో గట్టిగా కూరేశాడు. యజమానికి ఒక్క మాట చెబితే రెండు మేకులతో పోయేది. ఎందుకు చెప్పలేదో ఆయన్నే అడగాలి. ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం మాత్రం చెప్పాడు.

"శోధన వచ్చింది. ప్రభువు జయమిచ్చాడు."

పాపం వైపు లాగిన ఆ శోధన ఏమిటో చెప్పలేదు. అందరూ ఆమేన్ అన్నారు.

మర్నాడు మైనం బల్ల మీద పడి ఉంది. మళ్ళీ కూరాడు. ఆ మర్నాడూ బల్ల మీదే. కన్నం కాస్త పెద్దదైనట్టుంది. కొట్టు తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. మరి ఇదెవరి పని అనుకుంటే ఒళ్ళు జలదరించేది.

ఇక ఆయనకు కాలు నిలవలేదు. అవతల గడియ పడిన చప్పుడైతే చాలు, కత్తెర కింద పెట్టి గోడ దగ్గరికి వెళ్ళేవాడు. లోపలికి చూడడానికి కాదండోయ్, మైనం ఉందో లేదో చూసుకోవడానికే! పాపం, ఆ తేడా తనకు తెలుసనే అనుకున్నాడు. ప్రార్థన మధ్యలో కూడా ఆ వెలుగే కళ్ళలో మెదిలేది.

ఒకరోజు గడియ పడింది. మైనం ఊడి ఉంది. మాస్టరు వంగాడు. కన్ను దాదాపు గోడకు ఆనింది. అవతలి నుంచి ఎవరో వెచ్చగా ఊపిరి వదిలారు, సరిగ్గా ఆయన కంటి మీదికి.

వెనక్కి పడ్డాడు. లేచి పరుగున వెళ్ళి చూస్తే ఆ గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల నరపురుగు కూడా లేదు.

అప్పుడు ఆయన అన్నిటికంటే కష్టమైన పని చేశాడు. గుండీలు కుడుతున్న భార్యను పిలిచి, మొదటి నుంచి అంతా చెప్పేశాడు.

ఆవిడ కన్నం వంక చూడలేదు. ఆయన చేతులు పట్టుకుని చూసింది.

"ఏవండీ, మైనం అన్ని గోళ్ళలోనూ ఉందేంటి?"

"కూరేటప్పుడు అంటుకుందేమో."

"కూరితే గోళ్ళ లోపలికి ఎలా పోతుంది? ఇది గోకిన మైనం. చెక్కపొట్టు కూడా ఉంది, చూడండి."

గోకినట్టు ఆయనకు ఒక్క జ్ఞాపకమూ లేదు.

ఆవిడ వెళ్ళి చెబితే, సాయంత్రానికల్లా యజమాని కన్నం మీద కొత్త చెక్క కొట్టించాడు. బల్లను ముందు గదిలోకి, కుట్టేవాళ్ళందరి మధ్యకు మార్చారు. తాళంచెవి ఆవిడ చేతికి వెళ్ళింది.

"ఇక హాయిగా పడుకోండి," అంది ఇంటికొచ్చాక. పడుకున్నాడు.

తెల్లవారి లేచేసరికి ఇంటి గడియ వేసినట్టే ఉంది. తాళంచెవి ఆవిడ తలగడ కిందే ఉంది. ఆయన చూపుడువేలి గోటిలో మాత్రం కొత్త చెక్క పేడు గుచ్చుకుని, చుట్టూ నెత్తురు గడ్డకట్టి ఉంది.

ఆవిడ లేవకముందే లాగి పారేసి చెయ్యి కడుక్కుంటే ఎవరికీ తెలియదు. కుళాయి దాకా వెళ్ళాడు కూడా. తిరిగొచ్చి, ఆ చేతిని ఆవిడ ముఖం ముందు పెట్టి, "లే, ఒకసారి ఇది చూడు," అన్నాడు.