బోరు కరెంటు మీద నడిచే భవిష్యత్తు

ఎలక్ట్రిక్ బండ్లే రేపటి రవాణా అని ప్రవీణకు మొదట చెప్పింది ఉదయ్‌భాస్కర్. చందనవెల్లిలో ఒక కంపెనీ ఆవరణలో, ఏసీ టెంటు కింద ముఖ్య అతిథిగా నిలబడి చెప్పాడు. టెంటు వెనక ఆ ఏసీని నడిపే డీజిల్ జనరేటరు గుడగుడమంటూ పొగ కక్కుతోంది. దాని మోతకు మైకు కూడా చాలక, "పొగ రాదు, చప్పుడు ఉండదు" అన్న ముక్కను ఆయన మూడుసార్లు గొంతు చించుకుని అరవాల్సి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. భోజనాలు తర్వాతే అని ముందే చెప్పి ఉన్నారు మరి.

ఆ రోజు కంపెనీ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు పదిమందికి ఎలక్ట్రిక్ ఆటోలు ఇచ్చింది. ఎంకపల్లి ప్రవీణ వాళ్లలో ఒకతె. అంతకుముందు తొమ్మిదేళ్లు ఆమె అజీజ్‌నగర్ ఫామ్‌హౌసుల్లో గడ్డి కత్తిరించింది. బర్రె నోరు పెడితే కర్ర తీసుకుని వెంటపడతారు, అలాంటి గడ్డి. తాళంచెవి చేతిలో పడ్డాక ఆ కత్తెరను ఆమె దూలం మీద పడేసింది. మళ్లీ దాన్ని దించే పని రాకూడదని పాస్టరుగారితో ఆటో ముందు ప్రార్థన కూడా చేయించింది.

షరతు ఒకటి ఉంది. మూడు నెలల్లో ఆరువేల కిలోమీటర్లు తిరగాలి. ఎంత తిరిగిందో ఆటోలో బిగించిన యంత్రమే కంపెనీకి చేరవేస్తుంది. తక్కువ తిరిగితే బండి వెనక్కి తీసుకుని జాబితాలో తర్వాతి మనిషికి ఇస్తారు.

"చార్జింగ్ ఎక్కడ పెట్టుకోవాలె సార్?" అని ప్రవీణ ఆ రోజే అడిగింది.

"ఇక్కడే ఉందమ్మా, ఉచితం," అని కంపెనీ ఆయన గోడకున్న పెట్టె చూపించాడు.

ఉచితమే. కాకపోతే ఎంకపల్లి నుంచి చందనవెల్లికి పోయి, చార్జింగ్ నింపుకుని, తిరిగి ఇంటికి చేరేసరికి నింపిందాంట్లో సగం ఆ దారికే సరి. భవిష్యత్తును ఎంత దూరంలో పెట్టాలో బాగా ఆలోచించే పెట్టారు.

ఇంట్లో పెడదామంటే, స్తంభం నుంచి ఆమె ఇంటికి వచ్చే తీగ అమ్మమ్మ కాలం నాటిది. చార్జరు పెట్టిన మొదటి రోజు ఫ్యాను నీరసపడింది. రెండో రోజు పక్కింటి టీవీ ఆరిపోయి సీరియల్ మధ్యలో ఆగింది, వాళ్లు ఇప్పటికీ మాట్లాడరు. మూడో రోజు తీగే కాలింది. కొత్త తీగ, పెద్ద మీటరు కావాలని ప్రవీణ కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టింది. రెండు నెలలైంది. ఎప్పుడు అడిగినా "ప్రాసెస్‌లో ఉన్నది" అంటారు. ఆ ప్రాసెస్ అనే ఊరు ఎటు పక్క ఉందో, దానికి ఆటో పోతుందో పోదో ఎవరూ చెప్పలేదు.

చివరికి దారి చూపింది మేనమామ సాలోమోను. అజీజ్‌నగర్‌లో ఉదయ్‌భాస్కర్ ఫామ్‌హౌసుకు ఆయన వాచ్‌మన్. పన్నెండేళ్ల కింద ఆ నేల ఆయనదే. అమ్మాడు, అమ్మిన నేలకే కాపలా ఉన్నాడు. అక్కడ సారు కారు కోసం చార్జింగ్ పెట్టె ఉంది, దాని మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంది. పైకప్పు మీద రెండు సోలార్ పలకలు ఉన్నాయి. వాటికి తీగ లేదు, ఫొటోలో బాగా పడతాయి. సారు శని, ఆదివారాలు తప్ప రాడు.

"పొద్దుగాల మూడు గంటలు పెట్టుకో బిడ్డా. పంపు రూం పక్కకు ప్లగ్గు ఉన్నది. గా ఈతకొలను మోటరు తాగేదాంట్ల నీ ఆటోది గుక్కెడు," అన్నాడు సాలోమోను.

అలా కుదిరింది. తెల్లవారి ఆరింటికి ఎంకపల్లిలో పనికి పోయే ఆరుగురు ఆడవాళ్లను ఎక్కించుకుని అజీజ్‌నగర్ ఫామ్‌హౌసుల్లో దింపడం, పదింటిదాకా చార్జింగ్, తర్వాత మొయినాబాద్ నుంచి చేవెళ్లకు, చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కు సవారీలు, సాయంత్రం మళ్లీ ఆడవాళ్లను ఇళ్లకు చేర్చడం. నిజం చెప్పాలంటే బండి మంచిది. డీజిల్ ఆటోలో తొమ్మిదేళ్లు కూర్చుని పోయిన ఆ ఆడవాళ్లకు తెలుసు. దగ్గు తగ్గింది, దిగాక ఒళ్లు హూనమవడం తగ్గింది. ఉపన్యాసాల్లో చెప్పినవన్నీ నిజమే. ఉపన్యాసం చెప్పేవాళ్లకు మాత్రం వాటితో పనిలేదు.

"సప్పుడు లేకపోయేసరికి గదొక్కటే తిప్పలు," అనేది బీరమ్మ. ఉదయ్‌భాస్కర్ ఫామ్‌హౌసులోనే ఆమె వంటమనిషి, సారు రాని రోజుల్లో ఇల్లు తుడుస్తుంది. "మా అత్తను మెల్లగ తిట్టినా డ్రైవర్‌కు ఇనవడ్తున్నది."

"నేను మీ అత్తకు చెప్తనా అవ్వా?"

"నువ్వు చెప్పవ్. ఎనక గూసున్నది మా ఆడిబిడ్డ."

గడువు ఇంకా పన్నెండు రోజులు, తిరగాల్సింది తొమ్మిది వందల కిలోమీటర్లు ఉందనగా ఒక గురువారం పొద్దున ఉదయ్‌భాస్కర్ చెప్పకుండా దిగాడు. పంపు రూం పక్కన పచ్చని ఆటో, దానికి గోడలోంచి తీగ.

"సాలోమోన్! ఏంది గిది?"

"ఆటో సార్."

"ఆటో అని నాకు కనవడ్తలేదా? ఎవ్వరి కరెంటు అని అడుగుతున్న!"

ప్రవీణ ముందుకు వచ్చింది. "నేనే పెట్టిన సార్. మా ఇంట్ల తీగ కాలిపోయింది. ఎలక్ట్రిక్ బండ్లే మన భవిష్యత్తు అని మీరే చెప్తిరి గదా."

"నీ భవిష్యత్తు నీ ఇంట్ల పెట్టుకో! నా ఇంట్ల దొంగ కరెంటు గుంజుకుంట నాకే చెప్తున్నవా? కంపెనీవాళ్లకు ఫోన్ చేస్తే సాయంత్రానికి నీ ఆటో గాయబ్, తెలుసా?"

బీరమ్మ వంటింటి గుమ్మంలోంచి, "సార్, చాయ్ చల్లారుతున్నది," అంది. ఆమె ఉద్దేశం ఆయన చల్లారాలని. ఆయన చల్లారలేదు. ఫోను తీసి కరెంటాఫీసుకు కొట్టి, దొంగతనం కేసు రాయాలి, వెంటనే రావాలి అన్నాడు. పన్నెండేళ్లుగా మీట నొక్కితే దీపం వెలిగిన మనిషి. ఆ వెలుగు ఎక్కడినుంచి వస్తోందో ఆయన మరిచిపోయి చాలా ఏళ్లయింది.

మామూలుగా అయితే లైన్‌మన్ ఎల్లేశ్ ఒక్కడే వచ్చి, చాయ్ తాగి, అందరినీ సముదాయించి పోయేవాడు. ఆ రోజు వెంట సాయి ప్రియ అనే ఇంజనీరు కూడా వచ్చింది. ఉద్యోగంలో చేరి మూడు వారాలే. ఏది అడగకూడదో ఆమెకు ఇంకా ఎవరూ నేర్పలేదు.

"ఆటోకు కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగి, తీగ పట్టుకుని నడిచింది. తీగ పంపు రూంలోకి పోయింది. అక్కడ బోరు స్టార్టరు పెట్టె. అందులోంచి ఒక తీగ బోరుకు, ఒకటి ఆటోకు, వేలంత లావుది ఇంకొకటి ఇంట్లోకి, దాన్ని అంటిపెట్టుకుని మరొకటి ఆకు బొమ్మ ఉన్న పెట్టెకు.

"మీటరు ఏది?"

ఎల్లేశ్ దగ్గాడు. "బోరుకు మీటరేంది మేడం. వ్యవసాయం కరెంటు, ఫ్రీ."

"మరి వ్యవసాయం ఏది?"

అందరూ చుట్టూ చూశారు. ఈతకొలను ఉంది. పాలరాతి ఏనుగు ఉంది. గడ్డి ఉంది.

"మామిడి చెట్లు ఉన్నయి మేడం, నాలుగు," అన్నాడు ఉదయ్‌భాస్కర్, గొంతు తగ్గించి.

"కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది?"

ఎల్లేశ్ ఫోనులో వెతికాడు. వెతికిన కొద్దీ అతని మొహం కిందికి వాలింది. "సాలోమోను, తండ్రి యాకోబు. అజీజ్‌నగర్."

నేల రాసిచ్చిన నాడు ఉదయ్‌భాస్కరే అన్నాడు, కరెంటు నీ పేరు మీదే ఉండనియ్, మారిస్తే నాకు ఉచితం రాదు అని. నేల మారింది, ఇల్లు లేచింది, కొలను తవ్వారు, కారు వచ్చింది. పేరు మాత్రం పంపు రూంలోనే ఉండిపోయింది, దాని యజమాని గేటు దగ్గర ఉన్నట్టే.

"అంటే," అంది సాయి ప్రియ, "ఈయన కరెంటు ఈయనే దొంగిలించాడని మీ ఫిర్యాదా సార్?"

బీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

"నవ్వే పని కాదు," అంది సాయి ప్రియ. "బోరు కరెంటు బోరుకే వాడాలి. ఆటోకు పెట్టడం తప్పే, ఇంటికి పెట్టడం తప్పే. కేసు పేరున్నవాళ్ల మీదే అవుతుంది."

ఉదయ్‌భాస్కర్ మొహం వెలిగింది. ఒక్క క్షణమే. ఎందుకంటే ఆమె ఇంకా అయిపోలేదు. "పేరున్నాయన అదనపు తీగలు తీసెయ్యమని సోమవారంలోగా రాసిస్తే సరే. అప్పుడు మీరు ఇంటికి వేరే మీటరు తీసుకోండి సార్. ఆ ఇల్లు కట్టడానికి ఇచ్చిన అనుమతి కాగితం తేవాలి."

అనుమతి కాగితం ఉంటే ఇంకేం. కాగితాల్లో ఆ ఇల్లు పంపు రూం. ఆరు పడకగదుల పంపు రూం.

ప్రవీణ ఆటో ప్లగ్గు సాయి ప్రియే తన చేత్తో పీకింది. "మా ఇంటికి పెద్ద మీటరు కావాలని రెండు నెలల కిందనే దరఖాస్తు పెట్టిన మేడం," అంది ప్రవీణ. "మీ దరఖాస్తు నా టేబుల్ మీదికి రాలేదే," అని ఎల్లేశ్ వైపు చూసింది. ఎల్లేశ్ పాలరాతి ఏనుగును చూశాడు.

వాళ్లు పోయాక ఉదయ్‌భాస్కర్ పిలిచాడు. "సాలోమోనన్నా, జర గిట్ల రా."

పన్నెండేళ్లలో మొదటిసారి అన్న అయ్యాడు సాలోమోను. ఇద్దరూ కొలను గట్టు మీద కూర్చున్నారు. "గా తీగలు నా పశువుల కొట్టం దీపాలకు అని రాసియ్, వ్యవసాయం కిందికే వస్తది. ఏం గాదు. మేడంను నేను చూసుకుంట."

"పశువులేవి సార్?"

"తెప్పిస్తా!"

"మరి మా ప్రవీణ సంగతి? గీ రోజు నుంచి ఆమెకు చార్జింగ్ లేదు. పన్నెండు రోజులే ఉన్నయి."

ఉదయ్‌భాస్కర్ ఒక్క ఫోను చేశాడు. ఎవరికో పెద్దాయనకు, "అన్నా, చిన్న పని" అంటూ. ఆ రోజూ మర్నాడూ ఆటో ఎంకపల్లిలో కదలకుండా నిలబడింది. ప్రవీణ దాని పక్కన అరుగు మీద కూర్చుని దూలం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. శనివారం పొద్దున నిచ్చెన, తీగ చుట్ట, నలుగురు మనుషులు ఆమె గుమ్మం ముందు దిగారు. మధ్యాహ్నానికి కొత్త మీటరు గోడ మీద ఉంది. రెండు నెలలు నడవలేని దరఖాస్తుకు రెండు రోజుల్లో కాళ్లు వచ్చాయి. పక్కింటివాళ్లు టీవీ పెట్టి చూసుకుని, ఆరిపోలేదని నిర్ధారించుకున్నారు.

ఆదివారం అజీజ్‌నగర్‌లో రెండు ఆవులు లారీ దిగాయి. కిరాయి ఆవులు. కొలను పక్కన కట్టేస్తే సాయంత్రానికి గడ్డి మొత్తం నున్నగా గీకాయి. ఆ గడ్డి ఎవరికైనా పనికిరావడం అదే మొదలు.

సోమవారం పొద్దున సాలోమోను చలువచేసిన చొక్కా వేసుకుని గేటు బయట నిలబడ్డాడు. ఆడవాళ్లను దింపి ప్రవీణ ఖాళీ ఆటోతో వచ్చింది.

"కరెంటాఫీసుకు పోనియ్," అన్నాడు.

"ఆవులని రాసిస్తవా మామా?"

"తీసెయ్యమని రాసిస్త."

ప్రవీణ ఆటో కదిలించలేదు. "నీ పని పోతది. ఉండే రూం పోతది. నా కోసమని ఆయన లైన్ ఇప్పిచ్చిండు గదా."

"ఆయన ఇచ్చుడేంది? నీ దరఖాస్తు నీకు వచ్చింది. దాని మీద ఎవనిదో కాలున్నది, గా కాలు జరిపిచ్చిండు. గంతే." సాలోమోను ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. "మాట ఇయ్యమని అడిగిండు. నేను ఊ అనలే, ఆ అనలే. పన్నెండేండ్లు నా పేరు గా కొలనుల ఈతగొట్టింది బిడ్డా. నాకేమో ఈత రాదు. పోనియ్."

సాయి ప్రియ ఆ కాగితం రెండుసార్లు చదివింది. అందులో రెండే వాక్యాలు. ఆటోకు నేనే ఇచ్చిన, అది తప్పే, దానికేం శిక్షో రాయండి. బోరుకు తప్ప మిగతా తీగలన్నీ పీకేయండి. కింద సాలోమోను సంతకం, ఒక్కో అక్షరం ఆగి ఆగి. పదకొండింటికి ఎల్లేశ్ ఆ లావుపాటి తీగను, దాన్ని అంటిపెట్టుకున్నదాన్ని కత్తిరించాడు. ఇంట్లో ఏసీ ఆగింది, కొలను మోటరు ఆగింది, ఆకు బొమ్మ పెట్టె మీద దీపం ఆరింది. ఆవులు మాత్రం ఏమీ జరగనట్టు నెమరేస్తూ ఉన్నాయి.

సాయంత్రానికల్లా సాలోమోను మంచం, ట్రంకుపెట్టె, బైబిలు, రెండు గిన్నెలు గేటు బయట ఉన్నాయి. 'అన్నా' అన్న పిలుపు కూడా వాటితోపాటే బయటపడింది. మంచం ఆటో పైన కట్టారు. పెట్టె కాళ్ల దగ్గర పెట్టారు. ఆడవాళ్లు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు.

"ఇగ ఏం జేస్తవ్ సాలోమోనన్నా?" అంది బీరమ్మ. దీపం లేని వంటింట్లో పని లేదని ఆమెనూ నాలుగు రోజులు రావొద్దన్నారు.

"నువ్వేం జేస్తవ్?"

"మా అత్తను తిడ్త. టైం ఉన్నది గదా."

ఆటో నిండా నవ్వులు. అంత బరువుతో ఎంకపల్లి దాకా పోయిన ఆ కిలోమీటర్లను కూడా యంత్రం కంపెనీకి చెప్పింది. ఎవరి సామాను, ఎందుకు అని అది అడగదు.

తర్వాతి రోజుల్లో ప్రవీణ పొద్దున అయిదింటికే బండి తీసింది, సవారీ ఉన్నా లేకున్నా చేవెళ్ల దారి పట్టింది. గడువు చివరి రోజు పొద్దున మొయినాబాద్ దాటిన కాసేపటికి ఆరువేలు నిండాయి. సాలోమోను ముందు సీట్లో ఉండి, "అయిపాయె బిడ్డా, జర ఆపు," అన్నాడు.

"ఎట్ల ఆపాలె మామా?" అంది ప్రవీణ. "ఎనక నలుగురు ఉన్నరు. ఎనిమిదిన్నరకు చేవెళ్లల దిగాలెనంట."